బాండు పేపర్లో బిడ్డ మాట



మన అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల పల్లెల్లో ఒక కాపురం చెదిరిందంటే అది కోర్టు దాకా పోవడం చాలా తర్వాతి సంగతి. ముందు రచ్చకట్ట మీద పంచాయితీ జరుగుతుంది. రెండు వైపుల పెద్దమనుషులు, ఒక మేనమామ, ఒక మాజీ సర్పంచు, రాతకోతలు తెలిసిన ఒక డాక్యుమెంటు రైటరు వస్తారు. రెండు మూడు దఫాలు కూర్చుంటారు. పెండ్లిలో పెట్టిన బంగారు, బీరువా, మంచం, స్టీలు సామాన్లు అన్నీ లెక్కకొస్తాయి. ఎవరు ఎవరికి ఎంత తిరిగివ్వాలో తేలుతుంది. బాండు పేపరు తెచ్చి, ఇకమీదట ఒకరి మీద ఒకరికి ఏ హక్కూ లేదని రాసి, వేలిముద్రలు వేయిస్తారు.

బిడ్డ మాట ఆ కాగితంలో అట్టడుగున వస్తుంది. బిడ్డ తల్లి దగ్గరే పెరుగుతుందని, తండ్రిని ఎప్పుడూ ఏమీ అడగకూడదని ఒక వాక్యం. లేకపోతే దాన్నే తిరగేసి, మగబిడ్డ కాబట్టి తండ్రి ఇంట్లో ఉంటాడని, తల్లి మళ్లీ ఆ వాకిలి తొక్కకూడదని ఇంకో వాక్యం. బీరువా గురించి గంటసేపు మాట్లాడినవాళ్లు బిడ్డ గురించి అయిదు నిమిషాల్లో తేల్చేస్తారు. అందులో దురుద్దేశం ఉందని నేననను. పొద్దు గుంకుతుంది, అందరికీ విసుగొస్తుంది, ఆ పూటకు గొడవ తెగితే చాలనుకుంటారు. కానీ ఈ పొద్దు నేను మాట్లాడదలచుకున్నది ఆ ఒక్క వాక్యం గురించే.

భార్యాభర్తల వరకు ఆ కాగితానికి ఎంత విలువుందన్నది వేరే చర్చ. కులాచారం ప్రకారం విడిపోయే పద్ధతి నిజంగా పూర్వం నుంచీ ఉందని రుజువైతే, దాన్ని 1955 హిందూ వివాహ చట్టం 29వ సెక్షను కాపాడుతుంది. రుజువు కాకపోతే కోర్టు డిక్రీ లేకుండా ఆ పెండ్లి రద్దయినట్టు కాదు. బాండు పేపరు నమ్ముకొని రెండో పెండ్లి చేసుకొని చిక్కుల్లో పడినవాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. ఆ సంగతి అట్లుంచండి. బిడ్డ విషయంలో మాత్రం ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ముందుకు ఇట్లాంటి రాజీయే ఒకటి వచ్చింది. భార్యాభర్తలు విడిపోతూ రాసుకున్న ఒప్పందంలో కూతురి పోషణ హక్కు కూడా వదిలేసుకున్నట్టుంది. మీ ఇద్దరి మధ్య మీరు ఏమైనా వదులుకోండి, కూతురి హక్కును వదులుకునే అధికారం తల్లికి లేదు అని కోర్టు తేల్చింది. బిడ్డ తిండి, బట్ట, బడి ఖర్చు అమ్మానాయనలు ఒకరికొకరు చెల్లువేసుకునే పద్దు కాదు. పంచాయితీలో మేనమామ ఒప్పుకున్నాడనో, అమ్మ వేలిముద్ర వేసిందనో ఆ హక్కు పోదు.

కాబట్టి పదేండ్ల కిందట అట్లాంటి కాగితం రాసిచ్చిన తల్లులు ఎవరైనా వింటుంటే, ఆ బిడ్డకు ఇంకా పద్దెనిమిది నిండకపోతే, ఇప్పుడైనా అడగవచ్చు.

ఎక్కడ అడగాలి? ఇంతకాలం 125 అంటే అందరికీ తెలిసేది. వకీలు గుమాస్తా నుంచి ఆటో డ్రైవరు దాకా ఆ నెంబరే చెప్పేవారు. 2024 జూలై 1 నుంచి ఆ పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది, 125 కాస్తా 144 అయింది. నెంబరు మారింది కానీ లోపలి సరుకు దాదాపు అదే. తండ్రికి సంపాదించే శక్తి ఉండి బిడ్డను పోషించకపోతే మనోవర్తి వేయించుకోవచ్చు. పెండ్లి చేసుకొని కన్న బిడ్డ అయినా, పెండ్లి లేకుండా కన్న బిడ్డ అయినా ఈ సెక్షను కింద తేడా లేదు. ఏ మతమని అడగదు. ముస్లిం తండ్రి కూడా మైనరు పిల్లలను ఇదే సెక్షను కింద పోషించాలని 1997లోనే సుప్రీంకోర్టు చెప్పింది. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా తనకోసం ఇదే దారిలో అడగవచ్చని 2024 జూలై 10న మళ్లీ ఖాయం చేసింది. ఈ రెండో కేసు మన పక్క రాష్ట్రం తెలంగాణ నుంచి పోయినదే. కదిరి, హిందూపురం, గుంతకల్లు వైపు వింటున్న అక్కచెల్లెళ్లు ఈ తేదీ గుర్తుపెట్టుకోండి.

పాత రోజుల్లో ఈ మనోవర్తి నెలకు 500 రూపాయలు దాటకూడదని చట్టంలోనే పరిమితి ఉండేది. 2001లో దాన్ని తీసేశారు. అర్జీ నోటీసు అందిన 60 రోజుల్లోపు, వీలైనంత వరకు, మధ్యంతర మనోవర్తి సంగతి తేల్చాలన్న నియమం కూడా అప్పుడే వచ్చింది. ఆచరణలో ఆ 60 రోజులు ఎన్ని వాయిదాలుగా సాగుతాయో కోర్టు వరండాలో చెట్టు కింద కూర్చున్న ఎవరినడిగినా చెబుతారు. అయినా నియమం ఉందన్న సంగతి తెలిసి గట్టిగా అడిగేవాళ్లకు కాస్త తొందరగా పని జరుగుతుంది.

ఇక మన కరువు సంగతికి వస్తాను.

మన జిల్లాలో ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ సగటు కూడా కాగితం మీదిదే. ఒక ఏడు మొత్తం వాన ఒక్క నెలలో పడి పోతుంది, ఇంకో ఏడు చెనక్కాయ ఊడ దిగే వేళకు మబ్బు మొహం చాటేస్తుంది. అందువల్ల మనోవర్తి కేసు వేసిన ప్రతిచోటా ఒకే జవాబు వినిపిస్తుంది. వానల్లేవు, పంట పోయింది, బోరు ఎండింది, నా మీదే అప్పులున్నాయి, నేనెక్కణ్ణుంచి తేవాలి సామీ?

ఈ మాట అబద్ధమని కొట్టిపారేయడం కుదరదు. సగం నిజం అందులో ఉంది. కానీ ఆ సగాన్ని అడ్డం పెట్టుకొని మిగతా సగాన్ని దాచేవాళ్లే ఎక్కువమంది. పంట పోయిన ఏడు తండ్రి మాత్రం పస్తు పడుకోడు కదా! బెంగళూరు పోయి సెంట్రింగు పని చేస్తాడు, ఆటో తోలుతాడు, గొర్రెలు మేపుతాడు. శరీరం గట్టిగా ఉన్న భర్త కాయకష్టం చేసైనా భార్యాబిడ్డలను పోషించాలి, వ్యాపారం లేదు, ఆదాయం లేదు అంటే కుదరదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పులో స్పష్టంగా చెప్పింది. ఉపాధి హామీ కూలీయే 2025–26లో మన రాష్ట్రంలో రోజుకు 307 రూపాయలు. నెలకు పది రోజులు పనికి పోయినా మూడు వేలు దాటుతుంది. ఏమీ లేదని చేతులు దులుపుకోవడానికి అది కూడా అడ్డమే.

అప్పుల మాట ఇంకా గట్టిగా వాదిస్తారు. బ్యాంకులో పంట రుణం, బంగారు మీద రుణం, ఎరువుల అంగడిలో బాకీ, వాటి వడ్డీ. అవన్నీ తీరాక బిడ్డకు ఇస్తానంటారు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దీనికి కూడా జవాబు చెప్పింది. భార్యాబిడ్డల మనోవర్తి బకాయి అప్పులిచ్చినవాళ్ల హక్కుల కంటే ముందు వరుసలో ఉంటుందని. మన ఊళ్లలో అప్పులవాడు ఇంటి ముందు వచ్చి కూర్చుంటాడు కాబట్టి వాడికి ముందు తీరుతుంది. బిడ్డ అట్లా వచ్చి కూర్చోలేదు.

ఆదాయం ఎంతో తేల్చడమే అన్నిటికంటే కష్టం. ఉద్యోగస్థుడైతే జీతం స్లిప్పు తెప్పిస్తారు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలోనో, ఆర్టీసీ డిపోలోనో పనిచేసేవాడి జీతం దాచినా దాగదు. మెట్ట రైతు ఆదాయం ఎట్లా పట్టుకోవాలి? ఈ చిక్కుముడి మీద మనకు పనికొచ్చే తీర్పు 2020 నవంబరు 4న వచ్చింది, రజనీష్, నేహా కేసులో. ఆ దంపతుల కేసు నాగపూరుది. భార్య చంటిబిడ్డతో 2013లో ఇల్లు వదిలింది. కొడుక్కి మొదట నెలకు 5,000, తర్వాత 10,000 అని కింది కోర్టు వేసిన మనోవర్తి ఏడేండ్లు నలిగి సుప్రీంకోర్టు చేరింది. తీర్పు చెప్పింది జస్టిస్ ఇందూ మల్హోత్రా, జస్టిస్ ఆర్. సుభాష్‌రెడ్డి. సుభాష్‌రెడ్డి గారు మెదక్ జిల్లాలో పుట్టిన మన తెలుగువారు.

ఆ కేసు పట్టణం వాళ్లదే అయినా, తీర్పు చివర్లో జోడించిన ప్రమాణపత్రం నమూనాల్లో ఒకటి అచ్చంగా సేద్యం చేసేవాళ్ల కోసం. భార్య అయినా భర్త అయినా తన ఆస్తీ అప్పూ ప్రమాణం చేసి అందులో నింపాలి. దాన్ని ఒక్కసారి చదివి చూడండి, మన తహసీల్దారు ఆఫీసులో కూర్చొని రాసినట్టుంటుంది. భూమి ఎంత, ఉమ్మడి ఆస్తి అయితే నీ వాటా ఎంత అని అడుగుతుంది. మెట్టా, తడి పారే భూమా అని అడుగుతుంది. ఆ ఏడు ఏమేం పంటలు పెట్టావు, పండ్ల తోట ఉందా, పోయిన మూడేండ్లలో ఆ భూమి మీద ఎంత వచ్చింది అని అడుగుతుంది. ఇంకొకరి భూమి గుత్తకో కోరుకో చేస్తున్నావా, ఎనుములు, ఆవులు, మేకలు, కోళ్లు ఎన్ని, వాటి మీద రాబడి ఎంత, భూమి మీద రుణం ఉందా అని వరసగా అడుగుతుంది.

మూడేండ్ల లెక్క అడగడం నాకు అన్నిటికంటే నచ్చింది. ఒక్క ఏడాది లెక్క అడిగితే మన దగ్గర తండ్రి ఎప్పుడూ పంట పోయిన ఏడునే చూపిస్తాడు, తల్లి ఎప్పుడూ పండిన ఏడునే చూపిస్తుంది. మూడేండ్లు కలిపితే అసలు బతుకు బయటపడుతుంది. ఇక వాటా ఎంత అన్న ప్రశ్న ఉంది చూశారూ, అది మన పల్లెల్లో బాగా తెలిసిన ఎత్తుగడను పట్టుకుంటుంది. పట్టాదారు పాసుపుస్తకం తాత పేరుతో ఉంటుంది, సేద్యం మనవడి తండ్రి చేస్తుంటాడు. కోర్టులో మాత్రం నాకు సెంటు భూమి లేదంటాడు. ఉమ్మడి కుటుంబంలో వాటా చెప్పమన్నప్పుడు ఆ మాట ప్రమాణం మీద చెప్పాల్సి వస్తుంది. అబద్ధపు ప్రమాణానికి శిక్ష ఉంటుంది. అవతలివాళ్లు 1బి, అడంగల్ తీసి పెట్టవచ్చు. తల్లులకు నేను చెప్పేది ఇదే. వకీలు దగ్గరికి పోయేటప్పుడు బిడ్డ ఫొటోతో పాటు సర్వే నెంబర్లు కూడా పట్టుకుపోండి.

ఈ ప్రమాణపత్రాలు అన్ని కోర్టుల్లో తప్పనిసరిగా వేయించాలని 2020లో చెప్పినా చాలాచోట్ల అమలు కాలేదని 2023 నవంబరులో సుప్రీంకోర్టే మళ్లీ గుర్తు చేయాల్సి వచ్చింది. మీ కేసులో అవతలివాళ్లు వేయకపోతే వేయించమని మీరే అడగాలి. 2020 తీర్పులో ఇంకో మేలు కూడా ఉంది. మనోవర్తి ఆర్డరు వచ్చిన రోజు నుంచి కాకుండా అర్జీ వేసిన రోజు నుంచి లెక్కేయాలి. వాయిదాలు ఎంత లాగితే అంత బాకీ పెరుగుతుంది కాబట్టి, లాగడంలో ఉన్న లాభం కొంత తగ్గింది.

తండ్రుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఆర్డరు నెలనెలా కట్టమంటుంది. చెనక్కాయ రైతు చేతికి నెలనెలా ఏమొస్తుంది? కాయ అమ్మిన నెల నాలుగు రూకలు ఉంటాయి, మళ్లీ ఏడాది దాకా లేవు. నిజంగా కష్టంలో ఉన్న తండ్రి కట్టడం మానేసి మొహం చాటేయడం కంటే, పరిస్థితి మారిందని చూపించి మొత్తం తగ్గించమని అదే కోర్టును అడగవచ్చు. సంహితలో 146వ సెక్షను అందుకే ఉంది. అదే సెక్షను కింద బిడ్డ హైస్కూలుకు, కాలేజీకి వచ్చినప్పుడు పెంచమని తల్లి అడగవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ పడేటప్పుడు కాయ అమ్మే కాలంలో ఎక్కువ, మిగతా నెలల్లో తక్కువ అని రాసుకుంటే ఎవరూ కాదనరు. నా మటుకు నాకు, మన జిల్లాలో నెలకు ఇంత అని గుడ్డిగా రాసుకునే రాజీల కంటే అవే నిలుస్తాయనిపిస్తుంది.

పోషించే బాధ్యత తండ్రి ఒక్కడిదే అనుకుంటారు, అది కూడా సరికాదు. 1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షను తల్లిని, తండ్రిని ఇద్దరినీ కట్టేసింది. బిడ్డ జేజి దగ్గర పెరుగుతూ, తల్లి హిందూపురం దగ్గర గార్మెంటు ఫ్యాక్టరీలో జీతం తీసుకుంటుంటే, ఆమె నుంచి కూడా అడగవచ్చు.

ఇప్పుడు బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న తగువు.

చట్టం పుస్తకం ప్రకారం ఇది చాలా పాత వ్యవహారం. సంరక్షకుల చట్టం 1890 నాటిది. హిందువుల కోసం 1956లో ఇంకో చట్టం వచ్చింది. అందులో తండ్రి సహజ సంరక్షకుడు, ఆయన తర్వాత తల్లి అని రాశారు. అయిదేండ్లు నిండని బిడ్డ మాత్రం మామూలుగా తల్లి దగ్గరే ఉండాలన్నారు. తండ్రి తర్వాతే తల్లి అన్న ఆ మాట మీద రచయిత్రి గీతా హరిహరన్ సుప్రీంకోర్టు దాకా పోయారు. కొడుకు పేరు మీద రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోతే తండ్రి సంతకం కావాలన్నారట. తండ్రి బతికి ఉన్నా బిడ్డ బాగోగులు చూడకుండా ఉంటే తల్లే సహజ సంరక్షకురాలు అని 1999లో కోర్టు తీర్పు చెప్పింది. మన బ్యాంకుల్లో, స్కూళ్లలో ఇప్పటికీ తండ్రి సంతకం కావాలని తిప్పే గుమాస్తాలున్నారు. వాళ్లకు ఈ తీర్పు చెప్పండి.

కానీ మన జిల్లాలో తగువు చాలాసార్లు తల్లికీ తండ్రికీ మధ్య ఉండదు. అవ్వకూ జేజికీ మధ్య ఉంటుంది. ఎందుకంటే తల్లీ తండ్రీ ఇద్దరూ ఊళ్లో ఉండరు. సంక్రాంతి పోయాక మూటలు కట్టుకొని బెంగళూరుకో, కేరళకో పోతారు. బిడ్డ ఊళ్లో ముసలివాళ్ల దగ్గర సంగటి ముద్ద తిని బడికి పోతుంటాడు. విడిపోవడం అక్కడెక్కడో బెంగళూరు షెడ్డులో జరుగుతుంది, కొట్లాట ఇక్కడ మొదలవుతుంది. తల్లి తరపు అవ్వ ఒకరోజు బడి గేటు దగ్గర కాచుకొని పిల్లోణ్ణి తీసుకుపోతుంది, రెండు రోజులకు తండ్రి తరపువాళ్లు ఆటోలో వచ్చి మళ్లీ లాక్కుపోతారు. బలవంతంగా తీసుకుపోయినవాడిదే బిడ్డ అన్నట్టు తయారవుతుంది.

అప్పుడు కోర్టు మొదట అడిగేది, ఈ బిడ్డ మామూలుగా నివసించే చోటు ఏది అని. 1890 చట్టం 9వ సెక్షను ప్రకారం ఆ చోటు మీద అధికారమున్న కోర్టులోనే కేసు వేయాలి. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాల మధ్య కూడా ఈ ప్రశ్నే పెద్దదవుతుంది. హైదరాబాదులో పెండ్లయి పెన్సిల్వేనియాలో కాపురం పెట్టిన ఒక జంట తగువులో, తల్లి ఇద్దరు పిల్లలను తీసుకొని హైదరాబాదు వచ్చి ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో కేసు వేసింది. పిల్లలు పుట్టి పెరిగిన చోటు అమెరికా, మామూలుగా నివసించే చోటు హైదరాబాదు కాదు అని 2019 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పి, పిల్లలను అమెరికాకు తిరిగి పంపమంది. విమానంలో వచ్చిన పిల్లలకైనా, రాత్రి బస్సులో బెంగళూరు నుంచి వచ్చిన పిల్లలకైనా కొలత ఒకటే. మన వలస పిల్లల విషయంలో ఇది అవ్వాతాతల ఊరికే అనుకూలంగా తేలే అవకాశం ఎక్కువ. బడి రిజిస్టరు, అంగన్‌వాడీ పుస్తకం, టీకాల కార్డు ఏ ఊళ్లో ఉన్నాయో చూస్తారు. మనోవర్తి కేసుకు ఈ చిక్కు లేదు, భార్య తాను ఉంటున్న చోటే వేసుకోవచ్చు.

అవ్వాతాతలకు హక్కుందా అని చాలామంది అడుగుతారు. ముసలివాళ్లు, పేదవాళ్లు అన్న కారణంతో వాళ్లను పక్కన పెట్టడం కుదరదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. కోవిడ్‌లో తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన ఒక బాలుడి కేసది, అహమ్మదాబాదుది. హైకోర్టు ఆ పిల్లవాణ్ణి తల్లి తోడబుట్టిన ఆమెకు అప్పగిస్తే, సుప్రీంకోర్టు తాత, నాయనమ్మల దగ్గరికి పంపింది. అయితే తల్లి గానీ తండ్రి గానీ బతికి ఉండి, బిడ్డను చూసుకోగలిగి ఉంటే, అవ్వాతాతల మాట వాళ్ల తర్వాతే. కోర్టు చివరికి చూసేది బిడ్డ మేలు. ఊహ తెలిసిన బిడ్డ అయితే జడ్జి తన గదిలోకి పిలిచి, పెద్దవాళ్లను బయట ఉంచి, మెల్లగా మాట్లాడతారు. దానికింత వయసని చట్టంలో రాయలేదు. ఇక్కడ పెద్దవాళ్లకు ఒక మనవి. ముందు రోజు రాత్రి కూర్చోబెట్టి బిడ్డకు పాఠం నేర్పించి పంపకండి. ఎన్నో ఏండ్లుగా పిల్లలతో మాట్లాడుతున్న జడ్జీలకు ఆ చిలకపలుకులు మొదటి వాక్యంలోనే తెలిసిపోతాయి.

డబ్బునూ బిడ్డ మొహాన్నీ కలిపి ముడివేయడం మన తగువుల్లో అన్నిటికంటే చెడ్డ అలవాటు. నెల డబ్బులు రాలేదు కాబట్టి పిల్లను చూపించనంటుంది తల్లి. పిల్లను చూపించలేదు కాబట్టి డబ్బులు ఆపేశానంటాడు తండ్రి. ఎవరు ముందు మొదలుపెట్టారో దేవుడికే తెలియాలి. చట్టంలో ఇవి రెండు వేర్వేరు బాటలు. చూపించకపోయినా మనోవర్తి కట్టాల్సిందే, కట్టకపోయినా కోర్టు ఇచ్చిన రోజున బిడ్డను చూపించాల్సిందే. దానికి దీన్ని బదులు చూపిస్తే కోర్టులో నిలవదు. తల్లిదండ్రులిద్దరి దగ్గరా పంచుకొని పెరిగే పద్ధతిని మన చట్టాల్లోకి తేవాలని 2015 మేలో లా కమిషన్ తన 257వ నివేదికలో చెప్పింది. ఇంతవరకు అది నివేదికగానే ఉంది.

దూరంగా ఉన్న తల్లికో తండ్రికో ఫోనులో మాట్లాడే హక్కు సంగతి మాత్రం మనకు అక్కరకొస్తుంది. రోజుకు అయిదు పది నిమిషాలు బిడ్డతో మాట్లాడే వీలుండాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. వైట్‌ఫీల్డులో ఇటుకలు మోసే తండ్రి పదిహేను రోజులకొకసారి అనంతపురం కోర్టు ఆవరణలో బిడ్డను చూడడానికి రావాలంటే కూలి పోతుంది, బస్సు చార్జీ అవుతుంది. ఒకటి రెండుసార్లు వస్తాడు, తర్వాత మానేస్తాడు. అదే సాయంత్రం ఒక వీడియో కాలు అయితే నిలుస్తుంది. కస్టడీ అర్జీలో ఈ కోరిక రాయడం వకీళ్లు తరచుగా మరిచిపోతారు.

ఆర్డరు వచ్చింది సరే, డబ్బులు రాలేదు. అప్పుడేం చేయాలి? కోర్టు జరిమానా వసూలు చేసినట్టు జప్తు వారెంటు ఇస్తుంది. అప్పటికీ కట్టకపోతే ఒక్కొక్క నెల బాకీకి ఒక నెల దాకా, లేదా కట్టేదాకా, జైలుకు పంపవచ్చు. ఇక్కడ రెండు విషయాలు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. బాకీ పడిన రోజు నుంచి ఏడాదిలోపు వసూలు అర్జీ పెట్టాలి. ఈసారి కాయ బాగా వస్తే ఇస్తాడులే అని రెండు మూడు సీజన్లు ఎదురుచూసిన తల్లులు ఈ గడువు దగ్గరే దెబ్బతింటున్నారు. గడువు దాటితే ఆ బాకీకి వారెంటు దారి మూసుకుంటుంది, హక్కు మాత్రం చావదు, సివిల్ దారిలో రాబట్టుకోవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండోది, జైల్లో కూర్చొని వచ్చినంత మాత్రాన బాకీ తీరదు. నెల రోజులు లోపల ఉండొచ్చాను, ఇంక నీకూ నాకూ చెల్లు అనే మొగుళ్లున్నారు. ఏం చెల్లు కాలేదు.

ఇంత చెప్పినా, తండ్రి కేరళలో ఏ తోటలో ఉన్నాడో తెలియకపోతే వారెంటు పట్టుకొని పోలీసు ఎక్కడికి పోతాడు? నిజం చెప్పాలంటే మన చట్టం జీతగాడి మీద బాగా పనిచేస్తుంది, వలస కూలీ మీద పనిచేయదు. జర్మనీలో 1980 నుంచి ఒక పద్ధతి ఉంది. తండ్రో తల్లో కట్టాల్సిన డబ్బు కట్టకపోతే ప్రభుత్వమే బిడ్డకు కొంత మొత్తం ముందుగా ఇచ్చేసి, ఆ తర్వాత కట్టాల్సినవాడి వెంట తానే పడుతుంది. 2017 నుంచి దాన్ని పద్దెనిమిదేండ్ల దాకా పొడిగించారు. వాళ్లది డబ్బున్న దేశం, మనకు కుదరదు అనేవాళ్లుంటారు. పంట బీమా ప్రీమియంలో వాటా పెట్టుకుంటున్న ప్రభుత్వం, కరువు మండలాలను ప్రకటించే ప్రభుత్వం, ఆ మండలాల పిల్లలకైనా ఇట్లాంటిది ఎందుకు ఆలోచించకూడదు? ఏడాదికోసారి తల్లి ఖాతాలో వేసే తల్లికి వందనం డబ్బు బడి కోసం. నెలనెలా సంగటికి అది చాలదు.

అంతదాకా ఉన్నదాన్ని వాడుకోండి. కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య కింద విడాకులైన, వదిలేయబడిన తల్లుల పిల్లలకు నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. ఇంటి ఆదాయం ఏడాదికి పల్లెల్లో అయితే 72,000, పట్టణాల్లో అయితే 96,000 దాటకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అర్జీ పెట్టాలి. కోర్టు కేసుకు వకీలు ఫీజు లేదని ఆగిపోవద్దు. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయం ఎంతున్నా ఉచిత న్యాయసాయం దొరుకుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఫోను చేయాలంటే 15100. పోయేటప్పుడు ఆధార్, బిడ్డ పుట్టిన సర్టిఫికెట్, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, అతని భూమి సర్వే నెంబర్లు, అతను పనిచేసే మేస్త్రీ ఫోను నెంబరు తెలిస్తే అది, ఆ పాత బాండు పేపరు జిరాక్సు కూడా తీసుకుపోండి. అది చూసి కేసు లేదని ఎవరైనా వెనక్కి పంపితే, 2019 సుప్రీంకోర్టు తీర్పు ఉంది కదా అని అడగండి.